ముప్పావించి పైపూ, 34 నంబరు గుర్తూ

హార్డ్‌వేర్ కొట్టులో సరుకు జాబితా రాసిపెట్టే చిన్న బేసిక్ ప్రోగ్రామొకటి ఊహించుకుందాం. మేకులు, మరలు, తాళాలు, గొళ్లేలు వరసగా ఫైల్లోకి ఎక్కిపోతాయి. తర్వాత జీఐ పైపు వంతు వస్తుంది. దాని సైజు కొట్టువాళ్ల నోట 'ముప్పావించి', కాగితం మీద 3/4". చివరనున్న ఆ రెండు చిన్న గీతల దగ్గర బండి ఆగిపోతుంది.

ప్రోగ్రామరు టైపు చేసింది ఇది (చదువుకోవడానికి వీలుగా అంతా తెలుగు లిపిలోనే): వస్తువు$ = "జీఐ పైపు 3/4"". మనిషి కంటికి మొదటి డబుల్ కోట్ స్ట్రింగ్ (అక్షరాల వరుస) తెరవడానికి, రెండోది అంగుళానికి, మూడోది మూయడానికి. డాస్ కాలపు మైక్రోసాఫ్ట్ బేసిక్ అయిన జీడబ్ల్యూ-బేసిక్ మాత్రం రెండో కోట్ దగ్గరే స్ట్రింగ్ అయిపోయిందనుకుంటుంది. మిగిలిన మూడో కోట్ ఏమిటో తెలియక 'సింటాక్స్ ఎర్రర్' అని అరుస్తుంది. అరిచినా మేలే. ఇదే స్ట్రింగ్‌ను నేరుగా ప్రింట్ ఆజ్ఞలో పెడితే కిక్కురుమనదు. పక్కపక్కనే ఉన్న రెండు స్ట్రింగులను కలిపి అచ్చువేయమన్నారు కాబోలనుకుని, రెండోది ఖాళీ స్ట్రింగే అయినా సరేనని, అంగుళం గుర్తును మింగేసి ముందుకు పోతుంది. కొన్నాళ్లకు జాబితా చూసినవారికి 3/4 అని కనిపిస్తుంది. అది అంగుళమో, అడుగో, డజనులో వంతో చెప్పే నాథుడుండడు.

బేసిక్‌లో ప్రత్యేక అక్షరాల గొడవంతా ఇలాంటిదే. ఒకే గుర్తు రెండు కొలువులు చేస్తుంది: ఒకసారి సరుకు, ఇంకోసారి సరుకు చుట్టూ కంచె. కంచెకు వాడిన కర్రే మూటలోనూ ఉంటే కాపలావాడికి తేడా తెలియదు. డబుల్ కోట్, కామా, కొత్త లైను, ఫైలు ముగింపు గుర్తు, ఒక్కో కాలంలో ఒక్కోటి ఈ ఇబ్బంది తెచ్చాయి. చివరికి బేసిక్ లెక్కలో తెలుగు లిపి మొత్తం 'ప్రత్యేక అక్షరం' అయి కూర్చుంది.

బేసిక్ పుట్టింది 1964 మే 1 తెల్లవారుజామున, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, డార్ట్‌మత్ కళాశాలలో. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులు దాన్ని తయారుచేసింది సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడాలని. ఆ తొలి బేసిక్‌లో అక్షరాలు దాచుకునే చరరాశులే లేవు. జవాబు పక్కన 'మొత్తం' అనో 'సగటు' అనో ఒక మాట అచ్చువేయాలంటే దాన్ని డబుల్ కోట్ల మధ్య పెట్టేవారు, అంతే. లెక్కల జవాబుల పక్కన అంగుళాల గుర్తు రావాల్సిన పని పెద్దగా పడదు గనక ఆ ఏర్పాటు బాగానే నడిచింది. తర్వాత స్ట్రింగులు వచ్చాయి, ఫైళ్లు వచ్చాయి, కొట్టు లెక్కలు వచ్చాయి. కోట్ మాత్రం పాత కొలువు వదల్లేదు.

మైక్రోసాఫ్ట్ వంశపు బేసిక్‌లు, అంటే 1975 నాటి ఆల్టెయిర్ బేసిక్ నుంచి ఎంఎస్-డాస్ 5తో 1991లో వచ్చిన క్యూబేసిక్ దాకా, దీనికి చూపిన దారి ఒక్కటే: గుర్తును నేరుగా రాయకు, నంబరుతో పిలువు. అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో డబుల్ కోట్ నంబరు 34. కాబట్టి "జీఐ పైపు 3/4" + సీహెచ్ఆర్$(34) అని రాస్తే పని అయిపోతుంది. కామా నంబరు 44, ట్యాబ్ 9, ఎస్కేప్ 27, గంట మోగించేది 7. ఆ రోజుల్లో బేసిక్ నేర్చిన తరానికి ఈ నంబర్లు ఎక్కాల్లా నోటికొచ్చేవి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు లావు అక్షరాలు వేయమని చెప్పాలన్నా ముందు 27 పంపాల్సిందే కదా.

నంబరుతో పిలిచే పద్ధతిలో తప్పులేదు గానీ చూపుకు మహా వికారం. నాలుగు కోట్లున్న వాక్యం రాయాలంటే ప్లస్ గుర్తులూ బ్రాకెట్లూ పెరిగి అసలు మాట ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకే పనితెలిసినవారు ప్రోగ్రామ్ మొదట్లోనే కోట్$ = సీహెచ్ఆర్$(34) అని ఒక లైను రాసుకుని, ఆపైన ఆ పేరే వాడతారు.

ఇంకో వంశం వేరే దారి పట్టింది. బ్రిటన్‌లో పుట్టిన బీబీసీ బేసిక్, సింక్లెయిర్ స్పెక్ట్రమ్ బేసిక్, చాలా తర్వాత మైక్రోసాఫ్ట్ వారిదే అయిన విజువల్ బేసిక్, ఇవన్నీ లోపలి కోట్‌ను రెండుసార్లు రాయమంటాయి. "జీఐ పైపు 3/4""" అంటే చివరి మూడింటిలో మొదటి రెండూ కలిసి ఒక అంగుళం గుర్తు, మూడోది కంచె. ఒక్క కోట్ మాత్రమే ఉన్న స్ట్రింగ్ రాయాలంటే వరసగా నాలుగు కోట్లు పెట్టాలి: """". కొత్తగా నేర్చుకునేవారు దీన్ని చూసి అచ్చుతప్పు అనుకోవడం మామూలే. ఈ అలవాటుతో క్యూబేసిక్‌లోకి వెనక్కి వెళ్తే మళ్లీ దెబ్బే. అక్కడి ఎడిటర్ ప్రింట్ లైనులో రెండు కోట్ల మధ్య తనంతట తానే ఒక సెమికోలన్ దూర్చి, రెండు స్ట్రింగులుగా విడగొట్టి, సాయం చేశాననుకుంటుంది.

సీ భాషలో లోపలి కోట్ ముందు ఒక గీత పెడితే చాలు గనక అక్కడి నుంచి వచ్చినవారు ఇక్కడ కూడా ఆ బ్యాక్‌స్లాష్ కోసం వెతుకుతారు. బేసిక్‌లో దానికా హోదా లేదు, స్ట్రింగ్ లోపల అది ఉత్త గీత. ఇది లోటని చాలామంది అంటారు గానీ విండోస్ ఫైలు దారి రాసేటప్పుడు దీని సుఖం తెలుస్తుంది. సీలో ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ రెండు చేయకపోతే దారిలోని ఫోల్డరు పేరు మొదటి అక్షరం కాస్తా కొత్త లైనుగానో ట్యాబ్‌గానో మారిపోతుంది. బేసిక్‌లో ఉన్నదున్నట్టు రాస్తే చాలు. ఫ్రీబేసిక్ అనే కొత్తకాలపు సోదరి మాత్రం రెండిళ్ల మర్యాదా పాటిస్తుంది: స్ట్రింగ్ ముందు ఆశ్చర్యార్థకం పెడితే బ్యాక్‌స్లాష్ సంకేతాలు పనిచేస్తాయి, పెట్టకపోతే లేదు.

ఇంతవరకూ ప్రోగ్రామ్ లోపలి సంగతి. ఫైల్లోకి దిగాక అసలు కథ మొదలవుతుంది. ఫైలు రాయడానికి మైక్రోసాఫ్ట్ బేసిక్ రెండు ఆజ్ఞలిచ్చింది, ప్రింట్ #, రైట్ #. చదవడానికీ రెండే, ఇన్‌పుట్ #, లైన్ ఇన్‌పుట్ #. ఏది దేనికి జతో తెలియకపోవడం వల్ల పాడైన ఫైళ్లే ఎక్కువ, కోట్ వల్ల పాడైనవాటికన్నా.

ప్రింట్ # అంటే తెరమీద ఎలా కనిపిస్తుందో ఫైల్లోనూ అలాగే రాయడం. అంశాల మధ్య కామా పెడితే ఫైల్లో కామా పడదు, 14 గడుల వెడల్పున్న అరల్లో సర్దడానికి ఖాళీలు పడతాయి. ధన సంఖ్య ముందు గుర్తు కోసం ఒక ఖాళీ, వెనక ఇంకో ఖాళీ. చుట్టూ కోట్లేమీ ఉండవు. ఇన్‌పుట్ # ఇంకో రకం మనిషి. ముందున్న ఖాళీలు దాటేస్తుంది, కామా కనిపిస్తే ఒక అంశం ముగిసిందంటుంది, అంశం కోట్‌తో మొదలైతే ఇంకో కోట్ వచ్చేదాకా కామాలను పట్టించుకోదు. ఈ ఇద్దరినీ జతచేస్తే సంసారం సాగదు. గుంటూరులో ఒక ఖాతాదారు చిరునామా 'డోర్ నం. 5-3-12, బ్రాడీపేట, గుంటూరు' అని ప్రింట్ #తో రాసి ఇన్‌పుట్ #తో చదివితే, చిరునామా అన్న చరరాశిలోకి డోర్ నంబరు ఒక్కటే వస్తుంది. బ్రాడీపేట ఫోన్ నంబరు స్థానంలో కూర్చుంటుంది, గుంటూరు బాకీ మొత్తంలోకి జారుతుంది. మైక్రోసాఫ్ట్ వారి పాత బేసిక్ మాన్యువల్ కూడా ఈ గొడవను దాచలేదు. పేరులో కామా ఉన్న ఒక కెమెరాను ఉదాహరణగా తీసుకుని, ఆ కామా దగ్గర పేరెలా రెండు ముక్కలవుతుందో చూపించి, చుట్టూ సీహెచ్ఆర్$(34) మీరే తగిలించుకోండని చెప్పింది.

రైట్ # వచ్చింది ఆ తగిలించే పని తప్పించడానికే. స్ట్రింగుల చుట్టూ కోట్లు తనే పెడుతుంది, అంశాల మధ్య కామాలు తనే వేస్తుంది, అంకెల పక్కన అనవసరపు ఖాళీలు వదలదు. గుంటూరు చిరునామా దీనితో రాస్తే ఇన్‌పుట్ # చేతికి ఒక్క ముక్కగానే అందుతుంది.

మరి ముప్పావించి పైపు? అక్కడే రైట్ # బోల్తాపడుతుంది. బయట కోట్లు పెడుతుంది గానీ లోపల అప్పటికే ఉన్న కోట్‌ను రెండుచేయదు. ఫైల్లో పడే లైను ఇలా ఉంటుంది: "జీఐ పైపు 3/4" హెవీ",120. దీన్ని చదివే ఇన్‌పుట్ # మొదటి కోట్ నుంచి రెండో కోట్ వరకు ఒక స్ట్రింగ్ అనుకుని, 'హెవీ' నుంచి ఇంకొకటి మొదలైందనుకుంటుంది. నిల్వ 120 అన్నది చేరాల్సిన చోటికి చేరదు. విజువల్ బేసిక్ 6 నాటికి, అంటే 1998కి కూడా, ఇది మారలేదు. లోపలి కోట్లను ఇన్‌పుట్ # రెండు స్ట్రింగులుగా చూస్తుంది గనక అలాంటివి పెట్టకుండా ఉండటం మంచిదని మైక్రోసాఫ్ట్ పత్రాలే సలహా ఇచ్చాయి. పైపుల వ్యాపారికి అంగుళాలు రాయొద్దని చెప్పడమన్నమాట! బేసిక్ చరిత్రలో ఇంతకన్నా తేలిగ్గా సరిదిద్దగలిగిన లోపం ఇంకోటి కనబడదు. లోపలి కోట్‌ను రెండుచేసి రాయడం, రెండు కలిసొస్తే ఒకటిగా చదవడం, ఈ రెండు చిన్న మార్పులు చాలేవి.

ఆ నియమం లోకంలో అప్పటికే వాడుకలో ఉంది. కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైళ్ల పద్ధతిని 2005 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం అక్షరబద్ధం చేసింది: అంశంలో కామాగానీ, కోట్‌గానీ, కొత్త లైనుగానీ ఉంటే చుట్టూ కోట్లు పెట్టు, లోపలి కోట్‌ను రెండు చెయ్యి. బేసిక్‌లో ఈ పని చేసుకోవాలంటే ప్రోగ్రామరే ఒక ఫంక్షన్ రాసుకోవాలి. విజువల్ బేసిక్ 6లో రీప్లేస్ అనే ఫంక్షన్ ఉంది కాబట్టి ఒక్క లైనుతో సరి. క్యూబేసిక్‌లో అది లేదు. ఇన్‌స్టర్‌తో కోట్ ఎక్కడుందో వెతికి, మిడ్$తో అక్కడ విడగొట్టి, ఇంకో కోట్ దూర్చి, మళ్లీ వెతకాలి. ఇందులో ఒక పాత గుంట ఉంది. దొరికిన చోటు తర్వాతి గడి నుంచే మళ్లీ వెతకడం మొదలుపెడితే, ఇప్పుడే దూర్చిన కోట్ దొరుకుతుంది. దానికి ఇంకోటి, ఆ ఇంకోదానికి మరొకటి. స్ట్రింగ్ పొడవు హద్దు దాటి ఎర్రర్ వచ్చేదాకా కోట్లు పిల్లలు పెడుతూనే ఉంటాయి. దొరికిన చోటు నుంచి రెండు గడులు దాటి వెతకాలి.

ఇంత జాగ్రత్తగా రాసిన సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిస్తే ఇంకో వింత. గుంటూరు చిరునామాలోంచి డోర్ నంబరును విడిగా ఒక గడిలో పెట్టారనుకోండి, 5-3-12ను ఎక్సెల్ తేదీ చేసి పారేస్తుంది. చుట్టూ కోట్లున్నా వినదు. ఇది బేసిక్ తప్పు కాదు గానీ తిట్లు మాత్రం బేసిక్ ప్రోగ్రామరుకే పడతాయి.

కోట్, కామా కంటికి కనిపించే శత్రువులు. కనిపించనివి 13, 10. టెలిటైప్ యంత్రాల రోజుల్లో మోడల్ 33 అనే టెలిటైపు సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. కుడి చివరకు పోయిన తల ఎడమకు తిరిగి రావడానికి ఒక అక్షరం కొట్టేంత సమయం చాలదు. అందుకే 'తల వెనక్కి' అన్న ఆజ్ఞ ఒకటి, 'కాగితం పైకి' అన్న ఆజ్ఞ ఇంకొకటి, ముందు 13, తర్వాత 10. టెలిటైపులు పోయినా డాస్, విండోస్ ఈ జంటను ఉంచుకున్నాయి. యూనిక్స్ ఒంటరి 10తో సరిపెట్టుకుంది. కమోడోర్ 64, పాత మాకింటాష్ ఒంటరి 13ను పట్టుకున్నాయి. ఫలితం: లైనక్స్ సర్వర్‌లో తయారైన ఫైలును విజువల్ బేసిక్ 6లో లైన్ ఇన్‌పుట్ #తో చదివితే, అది ఒంటరి 10ని లైను ముగింపుగా ఒప్పుకోదు గనక, ఫైలు మొత్తం ఒకే ఒక్క లైనుగా వచ్చి ఒళ్లో పడుతుంది.

ఎదురు సమస్య ఇంకా ఎక్కువగా తగులుతుంది. చిరునామా కోసం ఫారంలో నాలుగు లైన్ల పెట్టె ఇస్తారు. గుమాస్తా ప్రతి లైను చివరా ఎంటర్ కొడతాడు. పెట్టె ఆ చోటల్లా 13, 10 దాస్తుంది. ప్రింట్ #తో రాస్తే ఒక ఖాతాదారు నలుగురవుతాడు. ఎక్కువమంది చేసే చిట్కా రాసేముందు ఆ జంట స్థానంలో ఒక నిలువు గీత పెట్టి, చదివాక మళ్లీ మార్చడం. నిలువు గీత చిరునామాల్లో రాదన్న నమ్మకం మీద బతికే చిట్కా ఇది. నమ్మకం నిజమైనంతకాలం బాగానే ఉంటుంది.

అన్నిటికన్నా గుట్టుగా దెబ్బతీసేది 26, అంటే కంట్రోల్-జడ్. దాని మూలం సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్. అది ఫైలు పొడవును బైట్లలో కాక 128 బైట్ల దిమ్మల్లో లెక్కపెట్టేది. చివరి దిమ్మలో అసలు రాత ఎక్కడ ఆగిందో తెలియాలి గనక అక్కడ 26 పెట్టేవారు. డాస్‌కు ఫైలు పొడవు బైట్లలోనే తెలుసు, ఆ గుర్తుతో అవసరం లేదు. అయినా తాతలనాటి ఆచారంలా బేసిక్‌లో మిగిలిపోయింది. ఫైలు మధ్యలో ఎక్కడైనా 26 పడితే, ఫైలు ముగిసిందో లేదో చెప్పే ఈఓఎఫ్ ఫంక్షన్ 'అయిపోయింది' అంటుంది. వెయ్యి రికార్డులున్న ఫైల్లో మూడు వందల దగ్గర ఆ బైటుంటే మిగిలిన ఏడువందలూ లేనట్టే, ఎర్రర్ కూడా రాదు. మొత్తాలు తక్కువొస్తున్నాయేమిటని తల పట్టుకోవడమే. ఎల్ఓఎఫ్ అనే ఫంక్షన్ చెప్పే ఫైలు పొడవుతో పోల్చి చూస్తేగానీ గుట్టు బయటపడదు. ఇలాంటి ఫైలును బైనరీగా తెరిచి చదవాలి.

26ను ఎవరు రాస్తారని అడగొచ్చు. కావాలని ఎవరూ రాయరు. అంకెలను కుదించి దాచే ఎంకేఐ$ అనే ఫంక్షన్ ఉంది, పూర్ణసంఖ్యను రెండు బైట్ల స్ట్రింగ్ చేస్తుంది. నిల్వ 26 అయితే దాని మొదటి బైటు సాక్షాత్తూ కంట్రోల్-జడ్. ధర 2573 రూపాయలైతే ఇంకా అందం: 10ని 256తో హెచ్చవేసి 13 కలిపితే వచ్చేది 2573. చిన్న బైటు ముందు రాసే పద్ధతిలో అది 13, 10, అంటే అచ్చంగా కొత్త లైను. ఆ ధరను మామూలు ఫైల్లో ప్రింట్ #తో రాస్తే సరిగ్గా అక్కడ లైను విరుగుతుంది. 2572కూ 2574కూ ఏమీ కాదు. ఏవో కొన్ని ధరల దగ్గరే తప్పే ప్రోగ్రామును రాత్రంతా కూర్చుని వెతికినా పట్టుకోవడం కష్టం.

ఎంకేఐ$ను చేసింది అసలు మామూలు ఫైళ్ల కోసం కాదు, రాండమ్ ఫైళ్ల కోసం. అక్కడ కంచెలే లేవు, కొలత ఉంది. ఫీల్డ్ అనే ఆజ్ఞతో పేరుకు 20 బైట్లు, నిల్వకు 2, ధరకు 4 అని ముందే గదులు కడతారు. 20 బైట్ల గదిలో కోట్ ఉన్నా, కామా ఉన్నా, 26 ఉన్నా ఎవరూ అడగరు, 20 లెక్కపెట్టి తీసుకుంటారు. ప్రత్యేక అక్షరమన్న మాటకే అర్థం లేని చోటది. ఖరీదు వేరే రకంగా కట్టాలి: పేరు పొట్టిదైతే మిగిలిన గదినిండా ఖాళీలు, పొడుగుదైతే గదిలో రాత నింపే ఎల్‌సెట్ ఆజ్ఞ చెప్పాపెట్టకుండా తోక కోసేస్తుంది.

కొలత పద్ధతిని ఇంకాస్త తెలివిగా వాడింది 1981లో వచ్చిన బీబీసీ మైక్రో. దాని ప్రింట్ # పేరుకే ప్రింట్. స్ట్రింగ్ రాసేటప్పుడు ముందు రకం చెప్పే బైటు, తర్వాత పొడవు చెప్పే బైటు, ఆపైన అక్షరాలు, అవీ చివరి నుంచి మొదటికి. 'పొడవు ఇంత' అని ముందే చెప్పాక లోపల ఏమున్నా అడ్డుకాదు. ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిస్తే అక్షరాలు తలకిందులుగా కనబడి భయపెడతాయి, అదొక్కటే ఇబ్బంది. మన దేశంలో 1984లో మొదలైన 'క్లాస్' అనే కంప్యూటర్ విద్యా పథకం కింద బడులకు చేరినవి ఈ బీబీసీ మైక్రోలే. అంటే మన దగ్గర కొంతమంది పిల్లలు మొదట చూసిన బేసిక్ ఫైళ్లకు కోట్ జబ్బు లేనేలేదు. తర్వాత డాస్ యంత్రాల మీద జీడబ్ల్యూ-బేసిక్ పట్టినవారికి అది కొత్తగా అంటుకుంది. ఈ సమీక్షలో ఏ పద్ధతికి మొగ్గు అంటే, యంత్రమే రాసి యంత్రమే చదివే ఫైలుకు బీబీసీ దారికి. మనిషి తెరిచి చూడాల్సిన ఫైలుకు మాత్రం రెండు కోట్ల నియమమే మేలు.

ఇక తెలుగు. ఆస్కీలో ఉన్నవి 128 గడులు. 8 బిట్ల బైటులో మిగిలిన పై 128 గడులే పరాయి లిపులకు దొరికిన వసారా. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 పేరుతో ఖరారుచేసిన ఇస్కీ ఈ వసారాలోనే కాపురం పెట్టింది: కింది సగం ఆస్కీని ముట్టుకోలేదు, 161 నుంచి పైన మన అక్షరాలు. ఇందులో ఒక ముందుచూపుంది. తెలుగు అక్షరమేదీ 34 మీదగానీ, 44 మీదగానీ, 13 మీదగానీ పడదు. కాబట్టి పాత జీడబ్ల్యూ-బేసిక్ కూడా ఇస్కీ తెలుగును ఫైల్లోకి రాసి, తిరిగి చెక్కుచెదరకుండా చదవగలదు. తెర మీద చూపించడానికి సీ-డాక్ వారి జిస్ట్ కార్డు లాంటిది కావాలి, అది వేరే సంగతి. అక్షరాల ఆకారాలను ఇంగ్లిష్ గడుల్లో కూర్చోబెట్టిన ఫాంట్ల దారి ఇలా కాదు. అలాంటి ఫాంటులో ఏ గుడి ఆకారమో 34 గడిలో కూర్చుంటే, కంటికి అది గుడి, బేసిక్‌కు కోట్.

విజువల్ బేసిక్ 6 దగ్గరకొచ్చేసరికి కథ తిరగబడింది. దాని లోపలి స్ట్రింగులు అన్ని లిపులకూ నంబర్లిచ్చే యూనికోడ్‌వే. సీహెచ్ఆర్‌డబ్ల్యూ(3108) అంటే 'త' వస్తుంది, 3142 ఎత్వం, 3122 'ల'. చరరాశిలో 'తెలుగు' భద్రంగా ఉంటుంది. దాన్ని ప్రింట్ #తో ఫైలుకు పంపగానే, గడప దాటేటప్పుడు, విండోస్ పాత కోడ్‌పేజీలోకి, అంటే ఒక్కో లిపి గుంపుకు ఒక్కోటిగా ఉన్న అక్షరాల పట్టికలోకి, మారుస్తుంది. గ్రీకుకు కోడ్‌పేజీ ఉంది, రష్యన్‌కు ఉంది, థాయికి ఉంది. తెలుగుకు లేదు, హిందీకీ తమిళానికీ లేదు, మన లిపులను విండోస్ యూనికోడ్‌లోనే ఉంచింది. కోడ్‌పేజీలో లేని అక్షరానికి బదులు ప్రశ్నార్థకం పడుతుంది. 'తెలుగు' అన్న మాటలో కోడ్లు ఆరు. ఫైల్లో పడేది ఇది: ??????. ఇది తెర మీద ఫాంటు లేక కనిపించే ప్రశ్నార్థకం కాదు. నిజంగా 63 నంబరు బైట్లు ఆరు పడ్డాయి, అసలు మాట ఇక తిరిగిరాదు. ఎక్సెల్‌లో మ్యాక్రోలు రాసే వీబీఏదీ ఇదే వంశం కాబట్టి ఈ నాటికీ తెలుగు పేర్ల జాబితాను మ్యాక్రోతో ఫైలుకు పంపేవారికి ఇదే ఎదురవుతుంది. షీటులో అందంగా ఉన్న పేర్లు ఫైల్లో ప్రశ్నల వరసలవుతాయి. చాలామంది ఫాంటు మార్చి మార్చి చూస్తారు. పాపం, ఫాంటుకేం తెలుసు.

దారులు లేకపోలేదు. ఏడీవో స్ట్రీమ్ అనే వస్తువును పిలిచి, దాని క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) అని చెప్పి, రాత అందులో పోసి, ఫైలుగా దాచమంటే పని అవుతుంది. ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్‌తో ఫైలు సృష్టించేటప్పుడు మూడో మాటగా 'ట్రూ' ఇస్తే యూటీఎఫ్-16లో రాస్తుంది. బైనరీగా తెరిచి పుట్ ఆజ్ఞతో పంపితే సరిపోతుందని కొందరనుకుంటారు. స్ట్రింగ్‌ను నేరుగా పుట్ చేసినా అదే గడప, అదే మార్పు. ముందు బైట్ల వరుసలోకి ఎక్కించి ఆ వరుసను పంపితేనే చెక్కుచెదరదు. ఫ్రీబేసిక్‌లో ఇంత తిప్పలేదు, ఫైలు తెరిచే లైనులోనే ఎన్‌కోడింగ్ "యూటీఎఫ్8" అని చెబితే చాలు.

ఏడీవో స్ట్రీమ్ యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో అడక్కుండానే మూడు బైట్లు పెడుతుంది: 239, 187, 191. బైట్ ఆర్డర్ మార్క్ అంటారు. ఎక్సెల్‌కు ఇది ఇష్టం. అది లేని సీఎస్‌వీని నేరుగా తెరిస్తే తెలుగు కాస్తా టోపీలు పెట్టుకున్న లాటిన్ అక్షరాలుగా కనబడటం చాలామందికి అనుభవమే. పాత బేసిక్ ప్రోగ్రాముకు మాత్రం అదే శత్రువు. మొదటి లైనులో 'పేరు' అన్న శీర్షిక కోసం పోల్చి చూస్తుంటే, ముందు మూడు దెయ్యం బైట్లు అంటుకుని ఉండటం వల్ల ఎప్పటికీ కలవదు.

ఇంకో దెయ్యం మన రాతలోనే ఉంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట, వ ఒత్తులుగా కలవకుండా మధ్యలో ఒక కనిపించని అక్షరం పెడతారు, నంబరు 8204. ఒకరు దాన్ని పెట్టి, ఇంకొకరు పెట్టకుండా కొడితే చూడ్డానికి కొంచెమే తేడా, బేసిక్‌కు మాత్రం రెండు వేర్వేరు మాటలు. వార్తల్లోంచి, పత్రికా ప్రకటనల్లోంచి కాపీ చేసి తెచ్చే రాతల్లో వంపు కోట్లు ఉంటాయి, 8220, 8221. ఇవి 34 కావు గనక ఇబ్బంది లేదనుకుంటే పొరపాటు. విజువల్ బేసిక్ డాట్‌నెట్ భాషా నియమాల ప్రకారం వంపు కోట్లు కూడా స్ట్రింగ్ కంచెలే. ఒక ప్రకటనలోని వాక్యాన్ని ప్రోగ్రాములో అతికిస్తే ఆ వంపు దగ్గరే స్ట్రింగ్ ముగుస్తుంది, మిగతా తెలుగంతా ఎర్ర గీతల మీద తేలుతుంది.

ఇన్ని చదివాక ఎవరైనా చేయగల పరీక్ష ఒకటుంది, పావుగంట పని. ఒకే సరుకు పేరులో కామా, అంగుళం గుర్తు, మధ్యలో ఎంటర్, ఒక తెలుగు మాట, చివర ఖాళీ అన్నీ పెట్టి రాయించి, చదివించి, ముందుదీ తర్వాతదీ సమానమా అని ప్రోగ్రామునే అడగాలి. కాదంటే ఫైలును బైట్లుగా తెరిచి నంబర్లు చూడాలి. 34 పక్కన ఇంకో 34 ఉందా, ఎక్కడైనా 63లు వరసగా ఉన్నాయా, 'త' ఉండాల్సిన చోట 224, 176, 164 ఉన్నాయా అన్నది అప్పుడు తేలుతుంది.

కొట్టు గుమాస్తా అంగుళం గుర్తే వద్దనుకుని, నోటితో అన్నట్టే 'ముప్పావించి' అని తెలుగులో కొట్టాడనుకోండి. 34 గొడవ తీరినట్టే. అయితే 3/4" అన్నది 4 బైట్లు. 'ముప్పావించి'లో కోడ్లు 11, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 చొప్పున 33 బైట్లు. పేరుకు 20 బైట్లే ఇచ్చిన పాత రాండమ్ ఫైల్లో ఆరు కోడ్లు పూర్తిగా పట్టి, ఏడోదానికి మూడు బైట్లలో రెండే దక్కుతాయి. 'ముప్పా' వరకు వచ్చి, 'వ' సగంలో తెగుతుంది.